సున్నం బండి ఆగిన రోజు

బండి రాదని తెలిసేసరికి లక్ష్మీపతి ఇంకా షిఫ్టు బట్టలు కూడా మార్చుకోలేదు.

"బార్డర్ దగ్గర నిలిపేశారు భయ్యా," లారీ డ్రైవర్ ఫోన్లో దగ్గుతూ అరిచాడు. "పొగ ఎక్కువైందట. పాత డీజిల్ బండ్లను లోపలికి వదలరట. పాలు, కూరలు, మందులు ఉంటేనే దారి."

"సున్నమని చెప్పావా? నీళ్లు బాగుచేసే సున్నమని?"

"చెప్పా. పాన్‌లోకి చూనా లేకపోతే ఢిల్లీ చచ్చిపోదులే అని పక్క లారీవాళ్లు నవ్వుతున్నారు."

"నవ్వనీ. ఎప్పుడొదుల్తారంట?"

"గాలి బాగుపడ్డాకట. ఆ గాలినే అడుగు."

ఫోన్ పెట్టేసి లక్ష్మీపతి సున్నం షెడ్డులోకి నడిచాడు. రాత్రి షిఫ్టువాళ్లు గోడవారగా కొన్ని బస్తాలే మిగిల్చారు. ఎంత పొదుపుగా వాడినా మధ్యాహ్నం భోజనాల వేళ దాటదు. షెడ్డు బయట పొగమంచు గోడలా నిలబడింది. ఎదురుగా ఉన్న తొట్టి గట్టు కూడా కనిపించడం లేదు. కానీ దానిలో పడుతున్న నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. అవి నీళ్లు కావు, యాసిడ్.

పశ్చిమ ఢిల్లీ అంచున, వరసగా ఇనుప రేకుల ఫ్యాక్టరీలున్న పారిశ్రామికవాడ అది. రేకుకు పట్టిన తుప్పు వదలాలంటే దాన్ని యాసిడ్‌లో ముంచి తీయాలి. ముంచిన యాసిడ్, కడిగిన నీళ్లు, వాటిలో కరిగిన ఇనుమూ ఇతర లోహాలూ అన్నీ కలిసి భూమిలోపలి గొట్టంలో ఈ శుద్ధి కేంద్రానికి వస్తాయి. ఇక్కడ వాటికి సున్నపు పాలు కలుపుతారు. యాసిడ్ విరుగుతుంది. లోహం బురదై అడుగుకు దిగుతుంది. తేరుకున్న నీటిని మురుగుకాలవలోకి వదులుతారు. పంపులున్నాయి, కంప్యూటర్ తెర ఉంది, గేటు మీద పచ్చ చెట్టు బొమ్మతో బోర్డు ఉంది. సున్నం లేకపోతే అదంతా ఉత్త తతంగం.

గోడ అవతల, కాలవ వంపు తిరిగే చోట, ముల్లంగి కడిగే గుంటలు ఉన్నాయి. పొలాల నుంచి వచ్చిన ముల్లంగి, క్యారెట్ మోపుల్ని తెల్లగా, ఎర్రగా మెరిసేలా కడిగి మండీకి పంపే ఆడవాళ్లు అక్కడ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడతారు. పొద్దున్నించి చీకటి పడేదాకా ఆ నీళ్లలోనే. ఆ నీళ్లు కాలవలోంచి పంపుతో తోడుకున్నవే. సున్నం అయిపోయాక ఇటు నుంచి ఏది బయటికి పోతే, అటు వాళ్ల కాళ్లకు తగిలేది అదే.

మురుగుకాలవ నీళ్లలో కూరలు కడగొచ్చా అని ముక్కు మూసుకునేవాళ్లుంటారు. మంచినీళ్ల గొట్టం ఎవరు వేశారు వాళ్లకు?

ఢిల్లీ గాలి మీద ఆంక్షలు పెట్టడం తప్పని ఎవరూ అనరు. ఊపిరి తీసుకోవడమే గండమైన ఊళ్లో లారీలు ఆపాల్సిందే. కానీ ఆ రోజు ఆ వాడలో జరిగింది చూడండి. యాసిడ్ వదిలే ఫ్యాక్టరీలు యథావిధిగా నడిచాయి. యాసిడ్‌ను విరిచే సున్నం మాత్రం సరిహద్దులో టార్పాలిన్ కప్పుకుని ఆగిపోయింది.

"అంకుల్, గుడ్ మార్నింగ్," అంటూ ప్రయోగశాలలోంచి వర్షిణి వచ్చింది. ఢిల్లీలోనే, జనక్‌పురిలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. కెమిస్ట్రీ చదివి ఏడాదిగా ఇక్కడ నీళ్ల పరీక్షలు చేస్తోంది. "పీహెచ్ మీటర్ దో కే నీచే, రెండుకన్నా కిందే చూపిస్తోంది. ఈ రోజు యాసిడ్ చాలా స్ట్రాంగ్‌గా ఉంది. డోస్ పెంచుదామా?"

"యాడ పెంచుతావమ్మా? బండి రాలేదు."

ఆ అమ్మాయి మాస్కు కిందికి లాగింది. "మతలబ్? లైమ్ లేదా?"

"ఉన్నదంతా అదిగో."

* * *

లక్ష్మీపతికి సున్నం కొత్త కాదు. పిడుగురాళ్లలో సున్నపు బట్టీల మధ్య పుట్టాడు. తండ్రి బట్టీకి రాయి, బొగ్గు ఎత్తేవాడు. తల్లి మాణిక్యం కాలిన సున్నాన్ని చేత్తో ఏరి తట్టకెత్తేది. ఆముదం రాసుకుని దిగినా ఆమె వేళ్లు పగిలి రక్తం చిమ్మేవి. అన్నం చేత్తో కలుపుకుంటే ఉప్పు, కారం తగిలి ప్రాణం పోయేది. అందుకని చెంచాతో తినేది. "మాణిక్యం దొరసానికి చెంచా కావాలంట!" అని బట్టీ కాడ అందరూ నవ్వేవాళ్లు. ఆవిడ కూడా నవ్వేది. లక్ష్మీపతికి మాత్రం నవ్వు రాలేదు. ఈ వయసులోనూ రాదు.

నీళ్ల ట్యాంకులు కట్టే మేస్త్రీ వెంట కూలీగా ఢిల్లీ వచ్చాడు. ఈ కేంద్రం కట్టేటప్పుడు సిమెంటు మోశాడు. కట్టడం అయ్యాక సున్నం షెడ్డులో పనికి ఎవరూ ముందుకు రాకపోతే, నేను చేస్తానన్నాడు. "చూనేవాలా" అన్న పేరు అట్లా వచ్చింది. పనిచేస్తూనే ఐటీఐ పరీక్ష రాసి పాసై, ఇప్పుడు పగటి షిఫ్టుకు ఇన్‌చార్జి అయ్యాడు. భార్య జానకీదేవి కరోల్ బాగ్‌లో సివిల్స్‌కు చదివే తెలుగు పిల్లల హాస్టల్లో వంట చేస్తుంది.

పోయిన వానాకాలంలో సున్నం కలిపే మోటారు కాలిపోయింది. అప్పుడు వేరే షిఫ్టు. బైపాస్ తిప్పేశారు. బైపాస్ అంటే గోడ పక్కన ఉండే ఒక ఇనప చక్రం. అది తిప్పితే వచ్చిన యాసిడ్ కేంద్రంలోకి రాకుండా వచ్చింది వచ్చినట్టు కాలవలోకి పోతుంది. మర్నాడు ముల్లంగి కడిగే రామ్‌రతీ గేటు ముందుకొచ్చి, చీర పిక్కల దాకా ఎత్తి, తోలు ఊడిన కాళ్లు చూపించింది. "దీన్ని ఏమంటారు? చెప్పండి, ఏమంటారు?" అని అరిచింది. కాపలావాడు తరిమేశాడు. లక్ష్మీపతి కిటికీ చువ్వల వెనక నిలబడి చూశాడు. మాట్లాడలేదు. ఉద్యోగి కదా.

ఈసారి చక్రం అతని షిఫ్టులో ఉంది. దాన్ని తిప్పే పిడి అతని బీరువాలో ఉంది.

* * *

మొదటి ఫోన్ సచ్‌దేవాకి చేశాడు. ఫ్యాక్టరీ యజమానుల సంఘానికి ఆయన సెక్రటరీ. కేంద్రాన్ని నడిపేది ఆ సంఘమే. అంటే దొంగలే జీతమిచ్చి కాపలావాణ్ణి పెట్టుకున్నట్టు.

"సార్, సున్నం లేదు. ఈ ఒక్క రోజుకు యాసిడ్ తొట్లు ఆపమని అందరికీ చెప్పండి."

"ఆపడమా? పెళ్లిళ్ల సీజన్ లక్ష్మీపతీ. పెట్టెలు, బీరువాల రేకుల ఆర్డర్లు నెత్తి మీదున్నాయి. నువ్వు మేనేజ్ చెయ్యి."

"దేంతో చెయ్యమంటారు?"

అటు గొంతు తగ్గింది. "బైపాస్ ఉంది కదా. ఈ పొగలో ఎవడికి ఏం కనిపిస్తుంది?"

"కాళ్లకు తెలుస్తది సార్."

"ఏమన్నావ్?"

"ఏం లేదు సార్. బైపాస్ తిప్పమని రాసి పంపండి, తిప్పుతా."

ఫోన్ కట్ అయింది.

వచ్చే గొట్టాన్ని మూసెయ్యడం కుదరదు. మూస్తే యాసిడ్ వెనక్కి తన్ని, ఫ్యాక్టరీ కూలీలు కాపురముండే సందుల్లో మ్యాన్‌హోళ్ల నుంచి పొంగుతుంది. అక్కడ పిల్లలు ఆడుకుంటుంటారు. ఇక మిగిలింది ఒకటే: బయటికిపోయే దారి మూసి, వచ్చిందంతా పెద్ద తొట్టిలో నిలవ చెయ్యడం. తొట్టి గోడకు ఎర్రరంగు పట్టీ ఒకటి ఉంది. అక్కడిదాకా నింపొచ్చు. దాటితే గట్టు తెగినట్టే, అంతా ఆ సందుల్లోకే.

"మూసెయ్," అన్నాడు హెల్పర్‌తో. "సున్నం కలపడం కూడా ఆపండి. ఆ మిగిలిన బస్తాల మీద ఎవరూ చెయ్యెయ్యొద్దు."

నీళ్లు లేవడం మొదలైంది. ముదురు పసుపు రంగు, పైన నూనె తెట్టు. గొంతులో గుచ్చే వాసన. వర్షిణి గట్టు మీద నిలబడి ఎర్ర పట్టీకీ నీళ్లకూ మధ్య ఉన్న జాగాను చూస్తూ ఉండిపోయింది.

"ఎంతసేపు పడుతుంది అంకుల్?"

"మధ్యాన్నం దాటాక నిండుద్ది."

వరసగా ఫోన్లు చేశాడు. సున్నం అమ్మే దుకాణాలకు, తెలిసిన మేస్త్రీలకు. అందరి సరుకూ సరిహద్దు అవతలే. చివరికి జానకీదేవికి చేశాడు, ఎందుకు చేశాడో తనకే తెలీదు.

"కూరగాయలు తరుగుతున్నా, తొందరగా చెప్పండి," అందామె. అంతా విని, "శ్రీరాములు అన్నయ్యను అడిగారా?" అంది.

"ఎవరు, ఆర్.కె. పురం శ్రీరాములా?"

"ఆయనే. క్వార్టర్లకు వెల్ల వేయించే కాంట్రాక్టు కదా. వినాయక చవితికి వాళ్లింటికి పోతే చూశాగా, మెట్ల కింద బస్తాలు బస్తాలు. కాలు పెట్టే చోటు లేదు. వదినె తిట్టిపోస్తోంది కూడా."

* * *

శ్రీరాములు విజయనగరం మనిషి. లక్ష్మీపతికి చుట్టం కాదు, కానీ ఢిల్లీలో తెలుగువాళ్లకు వరసలు కలుపుకోవడానికి ఎంతసేపు? బావా అంటే బావా. పని మానుకుని, సీఎన్‌జీ టెంపోలో బస్తాలు వేయించుకుని తనే ముందు కూర్చుని వచ్చాడు.

"ఏటి బావా, ఇదేటి కంపు! ముక్కులు ఊడిపోయేలాగున్నాయి. ఇందులో ఎలగుంటన్నావు నువ్వు?"

"అలవాటైపోయింది. ముందు బస్తా దించు."

లక్ష్మీపతి బస్తా మూతి విప్పాడు. గడ్డలు ఉండాల్సిన చోట మెత్తటి పొడి ఉంది. అతని మొహం మారింది. ఇనప తట్టలో రెండు గుప్పెళ్లు పోసి, చెంబుతో నీళ్లు పోసి, పైన అరచెయ్యి పట్టాడు. పిడుగురాళ్లలో సున్నం కొనే ప్రతివాడూ చేసే పరీక్ష అదే. మంచి సున్నం మీద నీళ్లు పడితే బుసకొట్టాలి, పగలాలి, ఆవిరి కొట్టి చెయ్యి వెనక్కి లాక్కోవాలి. అందరూ తట్ట చుట్టూ వంగి చూస్తున్నారు.

ఏమీ కాలేదు. పొడి తడిసింది, అంతే. అరచెయ్యి చల్లగానే ఉంది.

ఇంకో బస్తా విప్పాడు. అదీ అంతే. మూడోది విప్పి చూడనే లేదు.

"చచ్చిన సున్నం," అన్నాడు.

"ఏటి?"

"చచ్చిపోయింది బావా. వానలకు మెట్ల కింద చెమ్మ తాగి చచ్చింది. వాకిట్లో ముగ్గేసుకోవడానికి పనికొస్తది, తీసకపో."

"ఎగసెక్కాలా?" శ్రీరాములు మొహం ఎర్రబడింది. "నువ్వు ఏడుపుగొంతుతో పిలిస్తేనే గాదా కూలోళ్లను ఒగ్గేసి వచ్చాను? నానేటి నీకు అమ్మీడానికొచ్చానా?"

"అమ్ముతావని కాదు. గోడలకు రాసేవోడివి, నీకు సున్నం సంగతేం తెలుసు అంటున్నా."

"అవును, నాకేటి తెలుసు? బట్టీలో పుట్టినోడివి నువ్వు, సున్నానికి మొగుడివి! ఎత్తరా బస్తాలు! దారిలో ఏ మట్టికుప్ప మీదో ఇసిరేసి పోతాను. మళ్లీ నా నంబరుకు ఫోన్ చేసేవంటే..."

మిగతా మాటలు టెంపో చప్పుడులో కలిసిపోయాయి. లక్ష్మీపతి ఆపలేదు. అతని కళ్లు తొట్టి మీదున్నాయి. నీళ్లు ఎర్ర పట్టీ కింది అంచును తాకుతున్నాయి.

అదే సమయానికి సచ్‌దేవా కారు గేట్లోకి వచ్చింది.

* * *

మనిషి పొట్టి, మాట పొడుగు. కారులోంచి దిగుతూనే ఖరీదైన మాస్కు సరిచేసుకున్నాడు. పొగ తన ఊపిరితిత్తుల్లోకి పోకూడదన్న జాగ్రత్త ఆయనకు చాలా ఉంది. నేరుగా గోడ పక్కన ఉన్న చక్రం దగ్గరికి నడిచాడు.

"పిడి ఏది?"

"నా దగ్గర ఉంది సార్."

"తెచ్చి తిప్పు. తొట్టి పొంగితే ఆ కూలీల సందులోకి పోతుంది. అది నీకు సమ్మతమేనా? అటు పొంగినా పాపమే, ఇటు వదిలినా పాపమే. కాలవైతే కనీసం పారిపోతుంది."

ఆ మాటలో నిజం ఉంది. కానీ సగమే. పాపాలు రెండే ఉన్నట్టు, ఫ్యాక్టరీలు ఆపడమనే మూడో దారి లోకంలోనే లేనట్టు మాట్లాడటం సచ్‌దేవా లాంటివాళ్లకు వెన్నతో పెట్టిన విద్య.

"మీరు తొట్లు ఆపితే రెండూ ఉండవు సార్."

"నాకు నీతులు చెబుతున్నావా? సాయంత్రానికి నీ బదులు ఇంకొకణ్ణి పెడతా. వాడు చెప్పకుండానే తిప్పుతాడు."

"పెట్టుకోండి. సాయంత్రం దాకా నా షిఫ్టే."

వెళ్లి చక్రానికి ఆనుకుని నిలబడ్డాడు. ఇనుము చలికి వీపులోకి దిగింది. ఎంతసేపు నిలబడగలడు? నీళ్లు ఎర్ర పట్టీ మధ్యలోకి వచ్చాయి. ఇంకాసేపట్లో, సచ్‌దేవా చెప్పకపోయినా తన చేత్తో తనే తిప్పాల్సి వస్తుందని అతనికి తెలుసు. సందులో పిల్లలా, గుంటలో ఆడవాళ్లా అని ఎంచుకోవాల్సి వస్తే ఏ మనిషైనా ఏం చేస్తాడు?

"అంకుల్!"

ప్రయోగశాల గుమ్మంలో వర్షిణి. చేతిలో గాజు బీకరు. దానిలోంచి నురగ పొంగి ఆమె గ్లౌజు మీదుగా కారుతోంది.

"అంకుల్, వాళ్లను వాపస్ పిలవండి! టెంపోవాళ్లను! జల్దీ!"

"ఏందమ్మా అది?"

"మీరు తట్టలో పోసిన పొడే. పారేద్దామని తీసి, ఊరికే యాసిడ్ శాంపుల్లో వేసి చూశాను. సోడా లాగా పొంగింది. మీటర్ దో నుంచి పాంచ్ దాటింది అంకుల్!"

"నీళ్లలో కదల్లేదు కదా అది. చచ్చిన..."

"నీళ్లలో ఎందుకు కదులుతుంది? గాలి పీల్చి మళ్లీ రాయి అయిపోయింది. మీ బట్టీలోకి వెళ్లేముందు ఉండే రాయి లాగా. కానీ యాసిడ్ రాయిని తినదా? రాయిని తినేటప్పుడు అది విరగదా?"

లక్ష్మీపతి ఆ నురగ వంక చూశాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ సున్నం మీద నీళ్లు పోసి చూడటమే తెలుసు. అతనికే కాదు, అతని తండ్రికీ అంతే, ఊరంతటికీ అంతే. నీళ్లకు ఉలకని సున్నాన్ని దిబ్బ మీద పోసేవాళ్లు. కానీ ఇక్కడ దానికి ఎదురయ్యేది నీళ్లు కాదు. అన్నేళ్లుగా యాసిడ్ పక్కనే నిలబడి కూడా, యాసిడ్‌తో పరీక్షించాలని ఒక్కసారీ తోచలేదు.

ఫోన్ తీశాడు. శ్రీరాములు ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు.

"మీ మీద గుస్సాలో ఉన్నారు. నా ఫోన్ నుంచి చేద్దాం," అంది వర్షిణి. తెలియని నంబరు కాబట్టి వెంటనే ఎత్తాడు.

"ఎవులండీ?"

"బావా, నేనే. పెట్టెయ్యమాక. బస్తాలు పారేశావా?"

"నీకెందుకు? ముగ్గుపిండి గదా?"

"తప్పు నాదే బావా. నోరు జారా. నీ కాళ్లు పట్టుకుంటా, వెనక్కి తిప్పు."

అటు హారన్ల మోత. "కాళ్లు తరవాత ఒట్టుకుందువుగాని," అన్నాడు శ్రీరాములు చివరికి. "రెండు బస్తాలు దించేశాం. ఎత్తుకుని వత్తన్నాం, ఉండు."

* * *

టెంపో వచ్చేసరికి నీళ్లు ఎర్ర పట్టీ పై అంచుకు ఒరుసుకుంటున్నాయి. సచ్‌దేవా ఫోన్లో ఎవరితోనో "అవును, పిచ్చిపట్టింది వీడికి" అంటున్నాడు.

శ్రీరాములు బస్తా భుజానికెత్తుకున్నాడు. వద్దన్నా వినలేదు. హెల్పర్లు, టెంపో డ్రైవరు, అందరూ గట్టు మీదికి బస్తాలు చేర్చారు. మొదటి బస్తా తొట్టిలో గుమ్మరించగానే నీళ్లు ఒక్కసారిగా తెల్లగా లేచాయి. నురగ గట్టు మీదికి, కాళ్ల మీదికి పొర్లింది. కలియబెట్టే మోటారు మూలిగింది.

"వంగమాకండి! ఎవరూ లోపలికి వంగమాకండి!" లక్ష్మీపతి అరిచాడు. ఆ నురగలోంచి వచ్చే గాలి బరువైనది. తొట్టి నోటి దగ్గరే పేరుకుని నిలబడుతుంది. చిన్నప్పుడు, చలికి బట్టీ పక్కన వెచ్చగా పడుకున్న మనిషి తెల్లారి లేవకపోవడం అతను చూశాడు. "నిలబడి పోసి వెనక్కి వచ్చెయ్యండి!"

శ్రీరాములు బస్తా అడుగున మిగిలింది దులపడానికి ముందుకు వంగాడు. మోకాళ్లు మడతపడ్డాయి. బస్తా జారింది. మనిషి ముందుకు తూలుతుంటే లక్ష్మీపతి చొక్కా, బెల్టు కలిపి పట్టుకుని వెనక్కి లాగాడు. ఇద్దరూ గట్టు కింద బురదలో పడ్డారు. శ్రీరాములు నోరు తెరిచి గాలి కోసం కొట్టుకున్నాడు. వర్షిణి అతని మాస్కు లాగేసి వీపు రుద్దింది.

"ముగ్గు... ముగ్గుపిండికి... ఇంత పొగరా బావా," అన్నాడు కాసేపటికి, దగ్గు మధ్యలో.

"నోరు మూసుకుని ఊపిరి తీసుకో ముందు."

బస్తాలు అయిపోతున్నాయి. వర్షిణి మీటర్ అంకెలు చదువుతోంది. "చార్... సాఢే చార్... పాంచ్..." అయిదున్నర దగ్గర అంకె ఆగిపోయింది. ఇంకో బస్తా వేశారు. కదల్లేదు.

"ఇంతకన్నా పైకి రాదు అంకుల్. రాయి ఇక్కడిదాకే. లోహం కిందికి దిగాలంటే తొమ్మిది దాకా వెళ్లాలి. దానికి అసలు సున్నమే కావాలి."

"ఉంది కదా," అన్నాడు లక్ష్మీపతి. పొద్దున ఎవర్నీ ముట్టుకోనివ్వని ఆ కొద్ది బస్తాలు. పొద్దుటి యాసిడ్‌కు అవి ఒక మూలకు చాలేవి కాదు. ఇప్పుడు యాసిడ్ సగం చచ్చి ఉంది. సున్నపు పాలు తెల్లగా గొట్టంలోంచి పడ్డాయి. పసుపు నీళ్లు ముందు ఆకుపచ్చగా, తర్వాత ఇటుక రంగులోకి మారి ముద్దలు ముద్దలుగా విరిగాయి. ముద్దలు దిగడం మొదలుపెట్టాయి. ఆఖరి బస్తా దులిపేసరికి వర్షిణి అరిచింది. "సాఢే ఆఠ్! ఆగండి, ఆగండి... పౌనే నౌ. నౌ! తొమ్మిది వచ్చింది, చాలు అంకుల్, ఠీక్ హై!"

తేరిన నీటిని అవతలి తొట్టి నుంచి మళ్లీ పరీక్షించి, అప్పుడు బయటి దారి తెరిచారు. ఎర్ర పట్టీ మళ్లీ పూర్తిగా కనబడగానే, కొత్తగా పడే యాసిడ్‌ను పట్టడానికి దారి మూసేశారు.

సచ్‌దేవా అంతసేపూ కారు పక్కనే ఉన్నాడు. లక్ష్మీపతి బురద బట్టలతో ఆయన ముందుకు వెళ్లాడు.

"ఈ రోజుకు గండం గడిచింది. రేపటికి గుప్పెడు సున్నం లేదు సార్. బండి వచ్చేదాకా తొట్లు ఆపించండి. పొద్దున్నుంచి వచ్చిన యాసిడ్ అంకెలన్నీ టైముతో సహా ఈ అమ్మాయి దగ్గర ఉన్నాయి. ఎవరడిగినా చూపిస్తుంది."

సచ్‌దేవా వర్షిణి వంక చూశాడు. ఆ అమ్మాయి చూపు తిప్పుకోలేదు. "అడక్కపోయినా చూపిస్తాను సర్," అంది హిందీలో, చాలా మర్యాదగా.

"రేపటి నుంచి నువ్వు గేటులోకి రావద్దు," అన్నాడాయన లక్ష్మీపతితో. కారెక్కి వెళ్లిపోయాడు.

పొద్దు వాలకముందే గొట్టంలో పడే చప్పుడు సన్నబడింది. ఒక్కొక్క ఫ్యాక్టరీ తొట్టి ఆగుతోంది. సెక్రటరీకి మనసు మారిందని ఎవరూ భ్రమపడనక్కర్లేదు. అంకెలు బయటికి పోతాయని భయపడ్డాడు, అంతే. ఆ భయమైనా ఎప్పటిదాకా ఉంటుంది?

"ఉజ్జోగం ఊడినట్టేనా బావా?" శ్రీరాములు అడిగాడు.

"ఊడినట్టే."

"మరేటి చేత్తావు?"

లక్ష్మీపతి వర్షిణి దగ్గర పీహెచ్ కాగితాల పుస్తకం ఒకటి అడిగి తీసుకున్నాడు. అగ్గిపెట్టె అంత ఉంటుంది. అన్నేళ్ల ఉద్యోగంలో మొదటిసారి, గేటు బయటికి వచ్చి కుడివైపు ఇంటికి పోకుండా, ఎడమవైపు కాలవ వంపు దాకా నడిచాడు. మిగతా ఇద్దరూ వెంట నడిచారు.

గుంటలో రామ్‌రతీ ఆఖరి మోపు కడుగుతోంది. యూనిఫాం చూసి చేతిలో ముల్లంగి పట్టుకునే నిటారుగా నిలబడింది.

"ఏంటి? ఇక్కడి నుంచి కూడా తరమడానికి వచ్చారా?"

"లేదు దీదీ. ఒకటి చూపిద్దామని." ఒక కాగితం ముక్క చింపి గుంట నీళ్లలో ముంచాడు. ముదురాకుపచ్చ రంగు వచ్చింది. "ఇట్లా ఆకుపచ్చగా ఉంటే యాసిడ్ లేదు. ఎర్రగా మారితే ఎవర్నీ నీళ్లలో దిగనివ్వకు. పంపు ఆపెయ్."

ఆమె కాగితం తీసుకుని వెలుతురుకు ఎత్తి చూసింది. "ఇన్నాళ్లూ ఇది మీ దగ్గర ఉందా?"

"ఉంది."

"కాలు పెట్టాకగానీ మాకు తెలిసేది కాదు. మీకు ముందే తెలిసేదన్నమాట."

లక్ష్మీపతి పుస్తకం మొత్తం ఆమె వైపు చాపాడు. ఆమె మళ్లీ అడిగింది. "ఎర్రగా మారితే ఎవరికి చెప్పాలి? నీకా?"

"నన్ను తీసేశారు దీదీ. గేటు దగ్గరికి రండి, అందరూ కలిసి. నేనూ వస్తా. ఈసారి చువ్వలకు ఇటువైపు ఉంటా. లోపల ఈ అమ్మాయి ఉంటుంది."

రామ్‌రతీ కాసేపు ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. నమ్మిందో లేదో చెప్పడం కష్టం. పుస్తకాన్ని తడి చేతుల్తో ముట్టుకోకుండా, "దీన్ని తడవనీయకూడదా?" అని అడిగింది.

"తడిస్తే పాడైపోతుంది."

రోజంతా నీళ్లలో ఉండే మనిషి పొడిగా ఉండే చోటు కోసం తన ఒళ్లంతా తడుముకుంది. చివరికి తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి, మడతలో పుస్తకాన్ని పెట్టించుకుని, గట్టిగా బిగించి ముడేసుకుంది. తర్వాత గుంట అవతల పంపు దగ్గర నిలబడ్డ ఆడవాళ్లను రమ్మని కేకేసింది.